ఎడమ పక్కకే

పదకొండేళ్లుగా స్కానింగ్ గదిలో "కదలకండమ్మా" అని అందరికీ చెప్పిన మనిషి, ఇవాళ అదే బల్ల మీద తానే బిక్కచచ్చిపోయి పడుకుంది. నాలుగు నెలలుగా తలనొప్పి. లేచి కూర్చుంటే తల పగిలిపోతుంది, పడుకుంటే చేత్తో తీసేసినట్టు పోతుంది. వెన్నుపాము చుట్టూ ఉండే నీరు ఎక్కడో కారిపోతోందని డాక్టర్ల అనుమానం. చోటు తెలిస్తే మూసేయొచ్చు. తెలియకపోతే మంచమే గతి.

మొన్న ఆ చోటు కనపడాలని వెన్నులోకి డై అనే మందు ఎక్కించి తీసిన స్కానులో ఏమీ కనపడలేదు. "అంతా బాగానే ఉందన్నారుగా, ఇంకా ఈ పడకేమిటే?" అన్నాడు మొగుడు. అత్తగారు మూతి తిప్పుకుంది. ఈసారీ ఏమీ లేదంటే ఇంట్లో తన మాటకు పూచికపుల్లపాటి విలువ ఉండదు. ఆ భయం ముందు సూది భయం ఏపాటిది?

"మొన్న ఏ పక్కకు పడుకోబెట్టారు?" అడిగాడు కొత్తగా వచ్చిన డాక్టరు.

"ఎడమ పక్కకే సార్. ఇక్కడ అందరికీ అంతే. అక్క పెట్టిన పద్ధతే," అంది తోటి టెక్నీషియన్, మెచ్చుకోలుగా.

నిజమే. కుడి పక్కకు తిప్పితే రోగి వీపు గోడవైపు వస్తుంది, సూది వేసేవాళ్లకు నిలబడే చోటుండదు. అందుకే ఆ పద్ధతి తనే పెట్టింది.

"డై బరువమ్మా, కింది వైపుకే దిగుతుంది. కుడివైపు కారుతుంటే మొన్నెలా కనపడుతుంది?"

ఆమెను కుడి పక్కకు తిప్పారు. డాక్టరు గోడకూ బల్లకూ మధ్య ఎలాగో ఇరుక్కుని సూది దించాడు. "కదలొద్దక్కా," అంది తోటి టెక్నీషియన్. బల్ల లోపలికి జరిగింది. దేవుడా, ఏదో ఒకటి కనపడనీ!

చాలాసేపటికి మైకులో డాక్టరు గొంతు వినపడింది. "దొరికిందమ్మా. కుడివైపు, ఛాతీ వెనకాల, ఒక సిరలోకి కారుతోంది. మూసేద్దాం."

ఏడుపు తన్నుకొచ్చింది. అంతలోనే ఇంకో ముఖం గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఒక టైలరమ్మ ఇదే బల్ల మీద తన చెయ్యి పట్టుకుని, "పడుకుంటే పోతుందమ్మా, ఒట్టు," అంది. ఎడమ పక్కకే పడుకోబెట్టి, ఏమీ లేదని పంపేశారు. ఆవిడ వెళ్లాక, వేషాలని తను నవ్వింది కూడా. ఆవిడొక్కతేనా?

"అయిపోయిందక్కా. ఇంకా దేనికా దిగులు?" అంది తోటి టెక్నీషియన్.

"ముందు పాత రిజిస్టర్లు తియ్యవే. ఏమీ లేదని పంపేసినవాళ్లందరికీ ఫోన్లు చెయ్యాలి."