చిన్నబ్బాయి గారి బోరు

పద్దెనిమిదో అడుగు మట్టిని యెహెజ్కేలు రెండు వేళ్ళ మధ్య నలిపి, నాలుక చివర పెట్టుకుని, తుపుక్కున ఉమ్మాడు.

“ఇంకా బంకేనండి అమ్మాయిగారూ. కంగారు పడకండి, ఇసక వచ్చేస్తాది.”

గట్టు మీద అడుగుకో పిడికెడు చొప్పున మట్టి కుప్పలు వరసగా ఉన్నాయి. బోరు పిడి రెండో కొస భార్య పాపాయి పట్టుకుంది. నలభై ఏళ్ళుగా ద్రాక్షారామం చుట్టుపక్కల చేతిబోర్లు వేస్తున్నది ఆ మొగుడూ పెళ్ళాలే. మనిషి ఎండిన తాటిమట్టలా ఉంటాడు గానీ, అరచేతుల్లో కాయలు కాయని చోటు లేదు. యెహెజ్కేలు చెయ్యి పడితే నీళ్ళు పడ్డట్టే అని ఊళ్ళో మాట. ఆ మాటంటే ఆయనకి అన్నం కన్నా ఇష్టం.

మీనాకుమారి వాల్తేరులో ఎమ్మే చదువుతోంది. ఎప్పుడో పూడిపోయిన గోదావరి పాయ ఒకటి ఈ చేల కింద ఎటు పారిందో, దాని ఒడ్డున పాత ఊళ్ళు ఎక్కడ ఉండేవో తేల్చడం ఆమె పరిశోధన. మ్యాపులు చూసి వేయించిన మూడు బోర్లలోనూ బంకమట్టే వచ్చింది. శనివారంలోగా ఏటి ఇసక చూపించకపోతే వేరే అంశం తీసుకోమని మాస్టారు ఉత్తరం రాశారు. ఇవాళ శుక్రవారం.

పాత ఏటి ఇసక ఉన్న చోటే తీపి నీళ్ళు పడతాయి. తన చేతి మీద అలా పడిన చోట్లన్నీ నిన్న యెహెజ్కేలు తడుముకోకుండా చెప్పాడు. ఆమె మ్యాపు మీద ఇరవై రెండు చుక్కలు పెట్టి కలిపింది. ఏరు తిన్నగా వచ్చి, ఊళ్ళో రైతు చిన్నబ్బాయి గారి చేను దగ్గర ఒక్కసారిగా పడమరకి మెలిక తిరిగింది. ఆ మెలిక మీదే ఈ బోరు.

ఇరవై ఆరో అడుగులోనూ బంకే.

“మీ మాట తప్పదు తాతా. నా కొలతే తప్పయ్యుంటుంది,” అంది మీనాకుమారి.

యెహెజ్కేలు తల దించుకున్నాడు. పాపాయి ఊరుకోలేదు.

“చెప్పెయ్యవయ్యా. ఆ పిల్ల చదువు పోతాది. ఆ ఇసక కాలవలోంచి గంపతో మోసింది నేనే కదా.”

సిగ్గుతో ఆయన మొహం నల్లబడింది.

“చిన్నబ్బాయి గారి చేలో పడింది బంకేనండి. పేరు పోతాదని కాలవ ఇసక తెచ్చి ఆఖరి కుప్ప పోశాను. నీళ్ళు రాకపోతే పంపులో లోపమన్నాను. నా మాట కదండి, నమ్మేశారు. పాతికేళ్ళయింది. ఆ చుక్క కొట్టేయండి. రేపు ఆయనకీ నేనే చెప్పుకుంటాను.”

మీనాకుమారి చుక్క కొట్టేసింది. ఏరు తిన్నగా తూర్పుకి సాగింది. యెహెజ్కేలు రెండు చేలు దాటి కాలితో గీత గీశాడు.

“ఇక్కడండి. రాకపోతే నా పేరు మార్చేయండి.”

పొద్దు వాలుతుండగా ఇరవై నాలుగో అడుగులో గొట్టం గరగరమంది. తెల్లటి ఇసక, అందులో చిన్న నత్తగుల్ల. యెహెజ్కేలు నాలుకకి రాసుకుని ఈసారి ఉమ్మలేదు, నవ్వాడు. పిడికెడు తెచ్చి వరస చివర పెట్టి, వేళ్ళతో అదిమి, పక్కనే గట్టుకి చేరబడి చుట్ట తీశాడు.

పాపాయి గంజి చెంబు తెచ్చి రెండుసార్లు పిలిచింది. చుట్ట వెలిగించనేలేదు. ఆమె చెంబు కింద పెట్టి, ఆయన కళ్ళు మూసి, చాలాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుంది.

తర్వాత ఏడుస్తున్న మీనాకుమారిని దగ్గరికి పిలిచింది.

“ఇది నేను మోసుకొచ్చిన ఇసక కాదమ్మా. రాసుకో.”

వరస చివర ఆ కుప్ప మీద అయిదు వేళ్ళ గుర్తులు ఇంకా తడిగానే ఉన్నాయి.