మూడో తీగ

నేను ఒక ఫ్యానును. పైకప్పుకు వేలాడే రకం కాదు. కంప్యూటరు పెట్టెలో, ప్రాసెసరు నెత్తిమీద, అరచేతి వెడల్పు చోటులో తిరిగే నల్లటి ఫ్యానును. ముందే చెప్పేస్తున్నాను, నాకు అసూయ ఎక్కువ. అది దాచిపెట్టి నా కథ చెప్పడం నాకు చేతకాదు.

ఏ దేశంలో తయారయ్యానో తెలియదు. అట్టపెట్టెలో ప్రయాణం చేసి వచ్చి, వరంగల్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటరులో మొదటిసారి తిరిగాను. మూడేళ్లపాటు పిల్లల తప్పుడు జవాబులకు గాలి విసిరాక ఆ సెంటరు మూతపడింది. పాత కంప్యూటర్లన్నీ టోకున కొన్న మెకానిక్ యాకూబ్ నా ఇరుసులో చుక్క కుట్టుమిషను నూనె వేసి, కొత్తగూడెంలో స్వరూప నడిపే పెళ్లి వీడియోల మిక్సింగ్ షాపులో బిగించాడు.

అక్కడ నాకు దొర వైభోగం. నావి నాలుగు తీగలు. రెండు తిండికి, అంటే కరెంటు వచ్చి పోవడానికి. నాలుగోదాని మీద మదర్‌బోర్డు ఆజ్ఞ వస్తుంది, వేగం పెంచమనో తగ్గించమనో. మూడో తీగ మాత్రం నా గొంతు. తిరుగుతున్నాననీ, ఎంత వేగంతో తిరుగుతున్నాననీ దాని మీదే బోర్డుకు కబురు పంపుతాను. ఆ కబురు స్వరూప తెర మీద ఓ మూల అంకెగా కనిపిస్తుంది. ఆ అంకెను నేనే. బొగ్గు దుమ్ము ఎగిరే ఊరు కదా, నేను ఆగిపోతే షాపు ఆగిపోతుందని ఆమెకు తెలుసు. ఏడేళ్లుగా రోజూ పొద్దున్నే ముందు నన్ను చూసేది, తరువాతే పని. భర్త ముఖాన్ని కూడా అంత శ్రద్ధగా చూసి ఉండదు.

ఇంతలో వీధికి అవతల ఇంకో మిక్సింగ్ షాపు తెరిచారు. వాళ్ల కంప్యూటరు పెట్టెకు అద్దం తలుపు, లోపల రంగురంగుల లైట్లు. పెళ్లివాళ్లు వచ్చి మిక్సింగ్ దగ్గర కూర్చుని, "ఆ మేనత్తను తీసెయ్, మా బావను ఇంకొంచెంసేపు చూపెట్టు" అని చెప్పి చేయించుకోవడం మా ఊరి అలవాటు. అలా కూర్చునేవాళ్లు లైట్లున్న చోటికే పోతున్నారని స్వరూప మరిది సంపత్ కడుపు రగిలిపోయింది. ఈ కథలో అసూయ నాకొక్కదానికే ఉందనుకోకండి.

"వదినా, మన డబ్బా బియ్యం డబ్బా లెక్కుంది. ఎవడొస్తడు చెప్పు?" అంటూ ఒకరోజు అద్దం పెట్టె, లైట్ల ఫ్యాన్లు నాలుగు తెచ్చాడు.

"మంచిగ నడిచేదాన్ని ఎందుకు గెలుకుతవ్? యాకూబన్నను పిలువు."

"నాలుగు స్క్రూలకు యాకూబన్న ఎందుకు? నేనేమన్న రాకెట్ లేపుతున్ననా?"

బోర్డు మీద నేనొక్కదాన్నే తినే సాకెట్టు కంటికెదురుగా ఉంది. మిగతావి ఎక్కడో మూలన ఉన్నాయి. అతడు నన్ను పీకేసి, ఆ సాకెట్టులో ఒక తలా ఐదు తోకలూ ఉన్న గుత్తి తీగ పెట్టాడు. ఒక్కో తోకకు ఒక్కో ఫ్యాను. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఐదుగురు ఒకేసారి జవాబిస్తే బోర్డు తికమకపడుతుందని, ఆ గుత్తిలో మూడో తీగను ఒక్క తోకకే ఇస్తారు. మిగతా నాలుగూ మూగవి.

ఆ ఒక్క తోకా నాకు దక్కలేదు. ముందువైపు మెరిసే ఎర్ర లైట్ల ఫ్యానుకు దక్కింది.

ఆ క్షణం నుంచి నేను తిరిగినా ఒకటే, తిరగకపోయినా ఒకటే. ప్రాసెసరు వేడంతా మోసేది నేను, "బాగున్నాం" అని బోర్డుకు చెప్పేది అది. తెర మీద అంకె దానిది. స్వరూప చూపు దానిది. బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లు "అబ్బ, ఎంత ముద్దుగున్నయో" అంటే అదీ దానికే. దాని రెక్కల్లో ఏదైనా తీగ ఇరుక్కుంటే బాగుండునని ఎన్నిసార్లు కోరుకున్నానో చెప్పలేను.

మే నెలలో ఓ పెళ్లి వచ్చింది. పెళ్లి నిన్న, రిసెప్షన్ ఈరోజు రాత్రి ఏడింటికి. హాల్లో పెద్ద తెర మీద నిన్నటి పెళ్లి సినిమా వేయాలి. వరుడి మేనమామ ఓదెలు పొద్దున్నుంచి బెంచీ దిగలేదు.

"స్వరూపా, ఈ ఎండాకాలం మా ఇంట్ల ఇంక మూడు పెండ్లిళ్లున్నయి. ఇది టైముకిస్తేనే అవి నీకు. లేకుంటే ఎదురుషాపోడు సై అంటున్నడు."

"ఆరున్నరకు మీ చేతిల పెడ్త బాబాయ్," అంది స్వరూప. ఆ షాపు మీదే ఇల్లు నడుస్తుందని ఆమె గొంతులోనే తెలుస్తోంది.

మిట్టమధ్యాహ్నం వీడియో తయారవడం మొదలైంది. బయట నిప్పులు, లోపల ప్రాసెసరు కొలిమి. బోర్డు నాలుగో తీగ మీద ఒకటే కేకలు, పూర్తి వేగం, పూర్తి వేగం అని. అందరం తిరిగాం. అవి చవక రకం ఫ్యాన్లు, లైట్లు కూడా మోటారు తీగ మీదే వెలుగుతాయి. ఒక్కొక్కటి నాకు రెండింతలు తింటుంది. ఐదుగురి తిండీ ఆ ఒక్క చిన్న సాకెట్టులోంచే రావాలి. అది వేడెక్కింది. తరువాత మెత్తబడింది. నాకు అందే కరెంటు తడబడుతుంటే ఏం జరుగుతోందో అర్థమైంది.

చెప్పడానికి నాకు గొంతు లేదు. నిజం ఒప్పుకుంటాను, ఉన్నా చెప్పేదాన్ని కాదేమో. కాలిపోనీ, ముందు ఆ లైట్లు ఆరిపోనీ అనుకున్నాను. నేనూ ఆ కంచంలోనే తింటున్నానన్న సంగతి అసూయలో గుర్తుకు రాలేదు.

మూడూ నలభైకి సాకెట్టు నల్లబడింది. ఐదుగురం ఒకేసారి ఆగిపోయాం. నా కింద ప్రాసెసరు వేడి ఎగబాకింది. తెర నల్లగా అయిపోయింది. కాలిన వాసన బెంచీ దాకా వెళ్లింది.

ఓదెలు లేచి నిలబడ్డాడు. స్వరూప యాకూబ్‌కు ఫోను చేసింది.

యాకూబ్ వచ్చి, అద్దం తీసి, మాడిన సాకెట్టును చూసి సంపత్ వైపు తిరిగాడు. "దీని తాకతు ఒక్క యాంపియర్. నువ్వు ఐదిటిని తగిలిచ్చినవ్. ఒక్క స్కూటర్ మీద పెండ్లోళ్లందరు ఎక్కినట్టు."

"పిన్ను మంచిగనే పట్టింది గదన్నా..."

"పిన్ను పడుతది. కరెంటు పట్టొద్దా?"

"అన్నా, తిట్టుడు తర్వాత," అంది స్వరూప. "పాటలన్ని అయినయి. తలంబ్రాల ముక్క ఒక్కటే మిగిలింది. గంటన్నర నడిస్తే చాలు."

యాకూబ్ సంచిలోంచి ఆరు సాకెట్ల చిన్న పెట్టె తీశాడు. "ఫ్యాన్లన్ని దీనికి. కరెంటు పవర్ సప్లై నుంచి సీదా వస్తది. బోర్డు నుంచి ఆర్డర్ ఒక్కటే వస్తది. ఇగ బోర్డు మీద బరువుండదు." పెట్టె తీగను బోర్డు మూలనున్న మంచి సాకెట్టులో గుచ్చాడు. తరువాత పెట్టె మీద మొదటి సాకెట్టు చూపించి, "జవాబు పోయేది దీంట్లకెల్లి ఒక్కదాన్నుంచే," అన్నాడు.

నా ఇరుసు బిగుసుకుంది. సంపత్ ఎర్ర ఫ్యాను తీగ అందించాడు. "ఇది పెట్టన్నా, కొత్తది."

యాకూబ్ దాన్ని తోసేసి నా తీగ పట్టుకున్నాడు. మొదటి సాకెట్టులో గుచ్చాడు. విజయం! ఆ నాలుగూ చూస్తుండగా!

"కొత్తయాటికేమైతది? ఎవ్వలు అడగకున్న నాలుగేండ్లు తిరుగుతయి," అన్నాడు యాకూబ్. "ఈ ముసల్ది ఎప్పుడాగుతదో తెల్వది. ముందుగాల పోయేది ఇదే. కన్ను దీని మీదనే ఉండాలె."

ఆరూ ఇరవైకి సినిమా పూర్తయింది. ఓదెలు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుంటూ అడిగాడు. "మా అల్లుడు గుర్రం దిగేది రెండుసార్లు ఏసినవా?"

"మూడుసార్లు ఏసిన బాబాయ్."

"అట్లయితే ఆ మూడు పెండ్లిళ్లు నీయే పో."

స్వరూప అప్పుడు కూర్చుంది. తెర మూలనున్న నా అంకెను చూసింది. మునుపు నమ్మకస్తుణ్ని చూసినట్టు చూసేది. ఇప్పుడు ఆసుపత్రి మంచం మీది మనిషిని చూసినట్టు చూస్తోంది. నేను తిరుగుతున్నానని చెబుతాను. కాసేపటికి మళ్లీ చూస్తుంది. మళ్లీ చెబుతాను.

నా పక్కన ఆ నాలుగూ ఎవరికీ ఏ జవాబూ చెప్పకుండా తిరుగుతున్నాయి. బతికే ఉన్నావా అని వాటిని ఒక్కరూ అడగరు.

ఎంత అదృష్టం వాటిది!