లూ వైద్యుడి హస్తవాసి

పెద్ద డేగిసాలో పొంగుతున్న కషాయాన్ని గరిటెతో కలుపుతూ, యూఫెన్ వీధి చివరిదాకా సాగిన వరుసను చూసింది. ఫ్లూ మొదలైనప్పటి నుంచి హోంగ్‌జియాంగ్ పాత వీధిలో రోజూ ఇదే తంతు. జబ్బు రానివాళ్ళకి గుమ్మంలో ఊరికే ఒక గ్లాసు కషాయం, వచ్చినవాళ్ళకి లోపల నాడి చూసి మందు పొట్లాలు. "హస్తవాసి అంటే లూ వైద్యుడిదేనమ్మా, చల్లని చెయ్యి!" అంటూ తాగి వెళ్తున్నారు జనం. పూలూ వేళ్ళూ కడిగి, నానబెట్టి, పొగలో కళ్ళు మండించుకుంటున్న చెయ్యి ఎవరిదో ఒక్కరూ అడగలేదు. అడగరు కూడా.

ఆ సంగతి ఆమెకు అలవాటైపోయింది. అలవాటు కానిది వేరే ఉంది. మామగారు లూ వైద్యుడి వేళ్ళు మొద్దుబారిపోయాయి. మూడేళ్ళ కిందట భోజనాల దగ్గర ఆయన సలసల కాగే సూప్ గిన్నెను ఉత్త చేతుల్తో పట్టుకుని తాపీగా కబుర్లు చెబుతుంటే, ఆమెకు గుండె ఆగినంత పనైంది. వేడే తెలియని వేళ్ళకు నాడేం తెలుస్తుంది? మొగుడితో చెబితే జియాన్‌హువా నవ్వాడు. "త్రాసు పట్టుకునేదానివి, మా నాన్నకి వంకలు పెడతావా? నాలుగు తరాల పేరు మాది. నోరు మూసుకుని తూచు." నోరు మూసుకునే తూచింది. మామగారు రాసిన చీటీలో ఒళ్ళు వేడెక్కించే మాహువాంగ్ పన్నెండు గ్రాములని ఉంటే, ఎదుటి మనిషి మొహమూ నాలుకా చూసి మూడే వేసింది. ఒక్కోసారి అదీ తీసేసి చామంతి పూలూ పుదీనా కట్టింది. పుట్టింట్లో అమ్మమ్మ దగ్గర పదేళ్ళు నేర్చిన విద్య, ఇక్కడికొచ్చాక మందు సొరుగుల మధ్య దొంగసరుకైంది. జనం కోలుకుంటే పేరు ఆయనకి వెళ్ళేది, ఎక్కడ తేడా వస్తుందోనన్న దడ మాత్రం ఈమెకి మిగిలేది.

మోతాదు మీద అనుమానం వస్తే, తూచేవాళ్ళు చీటీని తిరిగి వైద్యుడి ముందు పెట్టి, ఆ మందు పేరు పక్కన రెండో సంతకం చేయించుకోవాలి. అది ఈ పనిలో పద్ధతి. పదహారేళ్ళలో ఆమె ఒక్కసారీ ఆ పని చెయ్యలేదు. కోడలు మామగారి చీటీని వెనక్కి పంపడమే! ఇంకేమైనా ఉందా?

పది గంటలకి మెయ్‌లియన్ వచ్చింది. ఏడో నెల. ఆ పిల్ల అత్తగారు రెక్క పట్టుకుని నడిపిస్తోంది. లూ వైద్యుడు మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"చలి పట్టింది, అంతే. మూడు పొట్లాలు చాలు."

"నేనూ అదే అన్నానండీ," అంది అత్తగారు. "ఈ కాలప్పిల్లలు ఊరికే ఆయాసపడిపోతారు. మేం ఇంతకన్నా పెద్ద జ్వరంతో నాట్లేశాం."

మెయ్‌లియన్ కౌంటరు మీదుగా చీటీ అందించింది. మాహువాంగ్ పన్నెండు. తగిలిన వేళ్ళు పెనంలా కాలుతున్నాయి. పెదాల అంచులు నీలం తిరిగాయి. "అక్కా, త్వరగా" అనే రెండు మాటలకి రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

యూఫెన్ సొరుగు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. ఏం తగ్గించాలి? ఏం తీసెయ్యాలి? ఇన్నాళ్ళూ గుట్టుగా సర్దినట్టు ఇది సర్దడానికి లేదు. ఈ పిల్లకి సరిపోయే మందు ఈ మూడొందల సొరుగుల్లో ఎక్కడా లేదు. తనకి తెలిసిన విద్యంతా ఆ మాటే చెబుతోంది. కావలసింది ఆక్సిజన్, పెద్దాసుపత్రి, అదీ ఇప్పుడే. ఏ చలవ పొట్లమో కట్టి పంపేస్తే తన గుట్టు తన దగ్గరే ఉంటుంది. ఈ పిల్ల ఇంటికెళ్ళి, కాచుకుని, తాగి పడుకుంటుంది. ఆ తర్వాత? అమ్మో!

"ఏమిటా నిలబడ్డం? వరుస ఆగిపోయింది," అని గదిమాడు జియాన్‌హువా.

ఆమె చీటీ పట్టుకుని కౌంటరు దాటి వచ్చింది. "ఈ చీటీకి నేను మందు కట్టను మామయ్యగారూ. పెద్దమ్మా, అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఊపిరి అందడం లేదు, కనబడ్డం లేదా?"

"వైద్యుడు చెప్పాక మధ్యలో నువ్వెవరే?" అంది మెయ్‌లియన్ అత్తగారు.

"దీనికి ఒంట్లో బాగాలేదు, ఏదో వాగుతోంది లెండి," అంటూ జియాన్‌హువా యూఫెన్ భుజం పట్టుకున్నాడు. "లోపలికి పద."

లూ వైద్యుడు కుర్చీలోంచి లేవలేదు. "ఊరందరికీ లేని అనుమానం నీకొచ్చిందా తల్లీ, నా మందు మీద?" అన్నాడు మెల్లగా.

ఆయనంటే ఆమెకు ప్రేమే. అయినా మొగుడి చెయ్యి విదిలించుకుని, మెయ్‌లియన్ నడుం చుట్టూ చెయ్యి వేసి వీధి వైపు తిప్పింది. గ్లాసులు పట్టుకున్న జనమంతా వింటున్నారు.

"మూడేళ్ళుగా వీళ్ళు తాగుతున్నది మీ మందు కాదు మామయ్యగారూ," అంది. "నాది."