స్టూళ్ళు

సన్మానం నాకు. ఇస్త్రీ మాత్రం ఆయన చొక్కాకి.

"కాలర్ దగ్గర ఇంకోసారి లాగు. స్టేజీ మీద ఫొటోలు తీస్తారు," అన్నారు మా ఆయన అద్దం ముందు నుంచి కదలకుండా. నేనేం మాట్లాడదామనుకుంటున్నానో అడగలేదు. "పాత గొడవలు తవ్వకు. థాంక్స్ చెప్పి దిగిపో. ఇప్పుడన్నీ ఫోన్లలో పెట్టేస్తున్నారు," అని మాత్రం హెచ్చరించారు.

పాత గొడవంటే నేను పనిచేసిన బట్టల షాపు గొడవ. మా అమ్మాయి అప్పటికి చంకపిల్ల. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా సేల్స్ ఆడవాళ్ళం నిలబడే ఉండాలి. కస్టమర్ లేనప్పుడు కూడా అంతే, గోడకి ఆనుకుంటే జీతంలో కోత. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బేవి. కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొస్తే మా అత్తగారు, "చల్లగా ఏసీలో నిలబడి రావడం కూడా ఒక పనేనా? అంట్లు అలాగే ఉన్నాయి," అనేవారు. నిలబడే తోమేదాన్ని.

ఒకరోజు పనివాళ్ళమంతా బయటికొచ్చి షాపు ముందు ఫుట్‌పాత్ మీద కూర్చున్నాం. మేం అడిగింది స్టూళ్ళు, అంతే. దారినపోయేవాళ్ళు నవ్వారు. "ఇళ్ళల్లో పనెగ్గొట్టి వచ్చిన బాపతు," అన్నాడొకడు. మర్నాడు ఓనరు బయటికొచ్చి అందరూ వినేలా నాతో, "నీ మొగుడొచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. మా ఆవిడకి బుద్ధిలేదు, క్షమించండన్నాడు. ఇక లోపలికి పో," అన్నాడు.

నేను పోలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్తే తలుపు తీయలేదు. "రోడ్డు మీద కూర్చున్నావుగా, అక్కడే ఉండు," అన్నారు అత్తగారు లోపలినుంచి. ఆవిడ పక్కనే మా ఆయన ఉన్నారని దగ్గు వినపడి తెలిసింది. లోపల పిల్ల పాలకి ఏడుస్తోంది. బయట నా జాకెట్టు తడిసిపోతోంది.

ఉద్యోగం పోయింది. పిల్ల కోసం ఆ ఇంటికే బతిమాలి తిరిగొచ్చాను. తర్వాత చాలా చోట్ల షాపుల్లో ఆడవాళ్ళు అవే స్టూళ్ళు అడిగారు, కూర్చోనివ్వాలని చట్టం వచ్చింది. అప్పుడు నవ్విన నోళ్ళే ఇప్పుడు, "అంతా మీలాంటివాళ్ళ వల్లేనమ్మా," అంటున్నాయి. ఓనరు కొడుకు షాపు వార్షికోత్సవానికి నన్ను పిలిచి, నా ఫొటోతో నిలువెత్తు బ్యానరు కట్టించాడు.

సభ షాపు మేడ మీద. నాకు బ్యాడ్జీ పెడుతున్న సేల్స్ అమ్మాయి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటోంది. ఆ నిలబడటం నాకు తెలుసు.

"కింద అన్ని స్టూళ్ళున్నాయి, కూర్చోకూడదూ?" అన్నాను.

"అవి ఫొటోలకి మేడమ్. కూర్చుంటే సార్ సీసీ కెమెరాలో చూసి ఫోన్ చేస్తారు." గొంతు తగ్గించింది. "నేను చెప్పానని అనకండి, ప్లీజ్."

ముందుగా మైకు మా ఆయన చేతికే వెళ్ళింది. "ఆ రోజుల్లో ఆడది రోడ్డెక్కడమంటే మాటలా? నేనే ధైర్యం చెప్పి పంపాను. పసిపిల్లని నేను ఎత్తుకుని..."

చప్పట్లు. కొందరు ఆడపిల్లలు కళ్ళు తుడుచుకుంటున్నారు. లేచి మైకు లాక్కున్నాను.

"ఈయన చెప్పేది అబద్ధం. ఆ రోజు వెళ్ళి ఓనరు కాళ్ళు పట్టుకున్నారు. నన్ను బయట నిలబెట్టి తలుపేసుకున్నారు."

ఓనరు కొడుకు మొహాన నవ్వు అలాగే బిగుసుకుపోయింది. స్టూళ్ళ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆ అమ్మాయి మొహం చూసి మింగేశాను.

మెట్ల దగ్గర మా ఆయన నా చెయ్యి పట్టుకుని లాగారు. "నలుగురిలో పరువు తీశావు కదే! ఇంటికి పద, చెప్తాను."

"మీరు వెళ్ళండి. షాపు కట్టేసేదాకా నేనిక్కడే ఉంటాను. ఈ పిల్లలతో మాట్లాడాలి."

"ఈ వయసులో మళ్ళీ మొదలుపెడతావా?"

"ఆఁ," అన్నాను. చెయ్యి విడిపించుకుని, పనివాళ్ళు బయటికొచ్చే వెనక గేటు ఎటో వాచ్‌మన్‌ని అడిగాను.