దొరకి వేసిన మాత్ర

మా కుక్క పేరు దొర. పొద్దున్నే వంటింటి గడపలో కక్కింది. గుడ్డ పట్టుకుని తుడవడానికి కూర్చుంటే మోకాళ్లు కలుక్కుమన్నాయి.

"అయ్యో, దొరా! ఏమైందిరా?" అంటూ మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. నన్ను దాటుకుపోయి దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

నాకు దాన్ని చూస్తే కుళ్లు. దాచను. ముసలిదై కీళ్లు పట్టేసిన దగ్గర్నుంచి ఇంట్లో దాని సేవే సేవ. దాని నొప్పి మాత్ర అన్నం తిన్నాకే వెయ్యాలని పశువుల డాక్టరమ్మ చెప్పింది. "కడుపు నిండా తిన్నాడా?" అని ఆయన రోజూ గిన్నెలోకి తొంగి చూస్తాడు. నావీ నొప్పి మోకాళ్లే. అందరూ తిని లేచేదాకా ఆగితే పని సాగదు. పరగడుపునే ఓ మాత్ర మింగి పొయ్యి దగ్గర నిలబడతాను. తిన్నావా అని అడిగిన నోరు లేదు.

అత్తగారు గుమ్మంలో నసిగింది. "మూలుగుతుంటే చూడలేక, దాని మాత్రకి తోడు కోడలిది కూడా ఒకటి అరటిపండులో పెట్టానురా. రోజూ మింగుతోందిగా, తనకేమైందని?"

ఆయన నా మీదికి తిరిగాడు. "మాత్రలు అందేచోట పెట్టడానికి బుద్ధుందా నీకు?"

పశువుల ఆస్పత్రిలో గొలుసు నేనే పట్టుకున్నాను. డాక్టరమ్మ దొర పొట్ట నొక్కి చూసింది.

"మనుషుల నొప్పి మాత్ర వీటికి విషం సార్. రెండు రకాలు కలిపితే మరీనూ. వెంటనే తెచ్చారు, నయం. విరేచనం నల్లగా వచ్చిందా?"

"లేదండీ, మామూలు రంగే. నేనే చూశాను."

కుక్క విరేచనం రంగు తెలుసు ఆయనకి! నాకు నల్లగా పోతోందని మొన్న చెబితే, "ఏం తిన్నావో" అని పేపరు తిప్పాడు.

"నల్లగా వస్తే ఏమిటమ్మా?" అన్నాను.

"లోపల పుండు పడి రక్తం పోతుందన్నమాట."

"మనుషులకైనా అంతేనా?"

ఆమె దొర మీంచి చెయ్యి తీసి నన్ను చూసింది. "ఆ మాత్రలు మీవా? పరగడుపున మింగుతున్నారా? ఎన్నాళ్లుగా?"

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

"అదిప్పుడెందుకే? ముందు దొర సంగతి చూడనీ" అన్నాడు ఆయన.

గొలుసు ఆయన చేతిలో పెట్టాను. "చూసుకోండి. మధ్యాహ్నం వంట కూడా."

వీధికి అవతల మనుషుల ఆస్పత్రి. చీటీ రాసే అమ్మాయి తల ఎత్తింది. "తోడెవరొచ్చారమ్మా?"

"మా ఆయన. కుక్క దగ్గరున్నాడు."