అద్దరి మట్టి

తెల్లవారేసరికే ఎల్లక్క పడవ అడుగున గొంతుకూర్చుని నీళ్లు ఎత్తిపోస్తూ ఉంది. వంగి రేకుడబ్బా ముంచడం, మోకాలికి ఆనించి లేపడం, భుజం మీదుగా గోదావరిలోకి విసరడం. నీళ్లు ఎక్కడ పడుతున్నాయో ఆమె చూడదు. ఏళ్ల తరబడి ఇదే పని కావడంతో కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. కాలివేళ్ల సందుల్లో చర్మం నానిన అటుకుల్లా తెల్లబడి ఉంటుంది.

పడవ ముసలిది. టేకు పలకల మధ్య కుక్కిన దూదీ, పూసిన గుగ్గిలమూ ఏటికేడు ఊడుతూనే ఉంటాయి. ఊరే నీళ్లను తోడే మనిషి లేనిదే అది ఏరు దాటలేదు. ఈ ఒడ్డు ఇద్దరి, ఆదిలాబాద్ జిల్లా; ఆవలి ఒడ్డు అద్దరి, కరీంనగర్ జిల్లా. వానలు మొదలైనప్పటి నుంచి ఇసుక తేలేదాకా చుట్టుపక్కల ఊళ్లకు ఈ పడవే దిక్కు.

రేవును వేలంలో పాడుకున్న దశరథం ఒడ్డున నిలబడి చుట్ట కాలుస్తున్నాడు. భైంసా నుంచి వచ్చిన మేస్త్రీ అంబదాస్ పడవ మధ్యలో ఇంజను మీద వంగి ఉన్నాడు. పాత లారీ నుంచి పీకి పెట్టిన ఇంజను పోయిన చలికాలం చచ్చిపోయింది. దాని బదులు ఇది వచ్చింది. భైంసాలో పత్తి మిల్లుకు కరెంటు వచ్చాక మూలకు పడ్డ డీజిల్ ఇంజను. అయినా అందరూ కొత్త ఇంజను అనే అంటున్నారు.

దానికోసం దశరథం చెరువు కింది పొలం అమ్మాడు. అది చాలలేదు. ఇంజను దిగడానికి పడవ పక్కటెముకలు రెండు కోయాల్సి వచ్చింది. జనం కూర్చునే బల్ల ఒకటి పీకేశారు. బరువు పెరిగింది కాబట్టి ఎక్కే జనాన్ని తగ్గించాలి. చుక్కాని పట్టే నాగయ్య ఆ రోజుల్లోనే నవ్వాడు. ఆయన ఎల్లక్క మొగుడికి పెద్దనాన్న కొడుకు.

"ముసలోనికి రెండో పెండ్లి చేస్తున్నరు. పెండ్లి ఖర్చు ఒక్కనాటిదే, కాపురం ఖర్చు రోజుది. ఎవలెవలు కడ్తరో సూద్దాం" అన్నాడు.

ఇంజను కూర్చోవడానికి గట్టి దిమ్మ కావాలన్నాడు అంబదాస్. ఎల్లక్క ఇంటి వెనక ఒక టేకు మొద్దు ఉండేది. ఇంటికి దూలం వేద్దామని ఆమె మొగుడు రాజలింగు కొని పెట్టింది. దూలం వేయకముందే ఆయన పోయాడు. ఎవరూ అడగకముందే ఎల్లక్క ఆ మొద్దును బండి మీద వేయించి రేవుకు తెచ్చింది. దశరథం దాన్ని చేత్తో తడిమి చూశాడు.

"పడవ నీళ్ల మీద ఉన్నన్నొద్దులు నీ జాగ నీదే ఎల్లక్కా" అన్నాడు.

ఆ మాట కోసమే ఆమె మొద్దు ఇచ్చింది. ఇంజను లేని ఆషాఢంలో, ఏరు పొంగి, గడలతో దాటలేక పడవను కట్టేసిన రోజుల్లో, ఎల్లక్క పొద్దస్తమానం ఒడ్డున కూర్చుని అద్దరి వైపు చూసేది. మనుషులు చీమల్లా కనిపించేవారు. అందులో తన బిడ్డ ఏదో తెలిసేది కాదు.

బిడ్డ కమలవ్వను అద్దరి బెస్తోళ్ల ఇంటికి ఇచ్చారు. పెళ్లయిన మరుసటి వానకాలం, గోదావరి పోటు మీదున్నా వినక, పొగాకు బేళ్లు నింపిన తన పడవను దాటించమని కమలవ్వ మామ అంతయ్య వియ్యంకుడు రాజలింగును పంపాడు. ముందు పడవ దొరికింది. రాజలింగు తర్వాత దొరికాడు. శవాన్ని అద్దరికే చేర్చారు. అంతయ్య బేళ్లు తడిశాయని బాధపడుతుంటే ఎల్లక్క పిడికెడు మట్టి తీసి గంగలో కలిపింది. మళ్లీ ఈ మట్టి తొక్కితే నా బిడ్డ కడుపు నిలవొద్దని ఒట్టు పెట్టుకుంది. మండిపోయే కడుపుతో మనిషి తనకు అన్నిటికన్నా తీపైన దాని మీదే ఒట్టు పెడుతుంది. అంతయ్య కూడా ఊరుకోలేదు. తల్లి ఉన్న గడ్డకు పోతే మళ్లీ నా గడప తొక్కొద్దని కోడలికి గీత గీశాడు.

ఆ తర్వాత ఎల్లక్కకు ఒక దారి దొరికింది. ఒట్టు మట్టి మీద. పడవ మట్టి కాదు. అద్దరిన జనం దిగి, మూటలు దింపుకునేదాకా నీళ్లు తోడే మనిషి పడవలోనే ఉంటుంది. కమలవ్వ బట్టలు ఉతికే సాకుతో వచ్చి మోకాలిలోతు నీళ్లలో నిలబడి పడవ అంచు పట్టుకుంటుంది. అమ్మమ్మ ఒళ్లోకి పిల్లవాణ్ణి అందిస్తుంది. రోజుకు అంతే. ఎల్లక్క బతుకంతా ఆ మూటలు దింపేంతసేపే.

అంబదాస్ చక్రం తిప్పాడు. ఇంజను దగ్గి, నల్లటి పొగ కక్కి అందుకుంది. పడవంతా జ్వరం వచ్చినట్టు వణికింది. పలకల సందుల్లోంచి నీళ్లు మునుపటికన్నా జోరుగా ఊరాయి. ఎల్లక్క గబగబా తోడసాగింది. ఎవరూ చూడకుండా ఆమె మొహంలో చిన్న నవ్వు మెరిసింది. ఇంత కారే పడవ తోడే మనిషిని ఎట్లా వదులుతుంది?

"బాయీ, జర పక్కకు జరుగు" అన్నాడు అంబదాస్.

ఇంజను పక్కన చిన్న పంపు బిగించి, దానికి తోలు బెల్టు తొడిగాడు. గొట్టం ఒక కొస ఆమె కాళ్ల దగ్గర వదిలి, రెండో కొస అంచు మీదుగా ఏట్లోకి వేశాడు. పంపు గురగురమంది. అడుగున నీళ్లు ఆమె చీలమండల నుంచి వేళ్లదాకా, వేళ్ల నుంచి పలకల్లోకి దిగిపోయాయి. ఒడ్డున జనం సంబరంగా చూశారు. ఎల్లక్క ఖాళీ డబ్బా పట్టుకుని పొడి పలకల మీద కూర్చుండిపోయింది. తన పాదాలు తడి లేకుండా అక్కడ కనబడటం ఆమెకు కొత్తగా ఉంది.

దశరథం వచ్చి అంచు మీద కూర్చున్నాడు. అప్పులవాళ్లు ఇంటి మీదికి వస్తున్నారనీ, మనిషి మనిషికీ లెక్క చూసుకోవాల్సి వస్తుందనీ నేల చూపులతో చెప్పాడు. ఈ ఒక్క ట్రిప్పు వచ్చి పొమ్మన్నాడు. పంపు నడిమిట్ల ఆగితే అక్కరకొస్తావన్నాడు.

"జాగ నాదేనంటివి గద పటేలా" అంది ఎల్లక్క.

"మొద్దు పైసలు పత్తి చేతికొచ్చినంక ఇస్త. నీకు కిరాయి గూడ వద్దు. అందరి లెక్కనే ఎక్కి అద్దరి దిగి పో."

చుక్కాని దగ్గర నుంచి నాగయ్య గొంతు సవరించుకున్నాడు. "ఆమె అద్దరి దిగది. నీకెరుకనే."

"దిగని మనిషికి జాగ ఎట్లియ్యాలె నాగయ్యా? పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, రెండు కిరాయిలు పోతయి. నేను పొలం అమ్మి తెచ్చిన."

అందులో అబద్ధం లేదు. ఎల్లక్క ఖాళీ డబ్బాను ఒళ్లోకి తీసుకుంది.

పడవ ఏటికి అడ్డంగా బాణంలా పోయింది. ఎప్పుడూ పట్టే సమయంలో సగం కూడా పట్టలేదు. అద్దరి ఇంత దగ్గరా అని జనం ముచ్చటపడ్డారు. కమలవ్వ ఇంకా రాలేదు. మూటలు దిగుతున్నాయి. ఎల్లక్క అంచు పట్టుకుని ఒడ్డు మీది బాటను చూస్తూ, ఒక మూటవాడు తాడు ముడి విప్పలేక తంటాలు పడుతుంటే వాడి ముడి ఇంకా బిగుసుకోవాలని గంగమ్మకు మొక్కుకుంది.

ఇంజను చప్పుడు విని కమలవ్వ ఉరికొచ్చింది. చంకలో పిల్లవాడు, నెత్తిన బట్టల మూట. దారిలో బురదలో పడ్డాడని వాడి అంగీ తీసి జాడించి, పడవ అంచు మీద ఆరేసింది. ఒంటి మీద బట్ట లేని పిల్లవాణ్ణి ఎల్లక్క గుండెకు ఆనించుకుంది.

"గిదేనా కొత్త ఇంజను? బగ్గ ఉరుకుతుంది గదనే అవ్వా. ఇగ దినాం రెండుమాట్ల రావచ్చు."

"ఆ, రావచ్చు."

"నీ చేతులేంది, గింత పొడిగున్నయి?"

ఎల్లక్క చేతులు వెనక్కి తీసుకుంది. పిల్లవాడి నుదుటి మీది బురద చుక్కను కొంగుతో తుడిచింది. "ఎండ ముదురుతున్నది బిడ్డా. రేపటి సంది పోరన్ని రేవుకు తేకు" అంది.

కమలవ్వ నవ్వింది. "నీకు ఎప్పటికీ ఫికరే."

అంబదాస్ కేక వేశాడు. పిల్లవాడు చేతులు మారాడు. పడవ వెనక్కి జరిగింది. పాత పడవైతే కమలవ్వ బట్టలు ఉతకడం, పిండడం నడి ఏటిదాకా కనబడేది. ఈసారి ఎల్లక్క కళ్లు తుడుచుకునేలోగా అద్దరి మనుషులంతా ఒక్కలాగే అయిపోయారు.

ఇద్దరి ఒడ్డుకు వచ్చాక జనం దిగిపోయారు. నాగయ్య చుక్కాని కట్టేస్తూ, "రేపు బిడ్డ అడిగితే ఏం జెప్పాలె?" అన్నాడు.

"జరమొచ్చిందని జెప్పు బావా."

"ఎన్నొద్దులు జెప్పాలె?"

ఎల్లక్క లేచింది. దిగబోతూ ఆగింది. అంచు మీద పిల్లవాడి అంగీ అట్లాగే ఉంది. కమలవ్వ మరిచిపోయింది. ఎల్లక్క దాన్ని తీసి మొహానికి ఆనించుకుంది. తీసుకుపోదామా అన్నట్టు కొంగు కింద దాచుకుని రెండడుగులు వేసింది. వెనక్కి వచ్చి, గాలికి ఎగిరిపోకుండా దాని చేతులు రెండూ పడవ కొక్కేనికి ముడివేసింది. తర్వాత ఒడ్డెక్కి, వెనక్కి చూడకుండా పోయింది.

నాగయ్య కూడా వెళ్లాక రేవు ఖాళీ అయింది. చల్లారని ఇంజను పక్కన, కొక్కేనికి వేలాడుతూ జానెడు అంగీ, బొత్తాలు లేనిది, అద్దరి వైపు తిరిగి ఆరుతూ ఉంది.