సిదోనీ ఇంటి మీది వాన

ఉబాంగీ నదికి కొత్త నీళ్ళొచ్చి, ఆ ఏటి మొదటి పెద్ద పడవ మొబాయే రేవుకు రాగానే ఒనోరీన్ బుట్ట కట్టేది. అడుగున పొగబెట్టిన చేపలు, పైన అరటాకు, తాడు రెండు చుట్లు. దాన్ని పడవ నడిపే గ్బాండి చేతికిచ్చి, బాంగీ పట్నం ఉవాంగో పేటలో ఉండే తన కూతురు సిదోనీకి ఇమ్మని చెప్పేది. ఇంటికొచ్చి పొయ్యి ఆర్పుకునేది. పదిహేను రోజులకు ఖాళీ బుట్ట తిరిగొచ్చేది. దాంతోపాటు మాట మాత్రం వచ్చేది కాదు.

ఏడు వానాకాలాలు ఇలాగే గడిచాయి. ఎనిమిదో ఏడు బుట్ట అందుకోబోతూ గ్బాండి నసిగాడు.

"నీ మనవరాలికి రెండేళ్ళు నిండాయట. నీకు తెలుసనుకున్నా."

ఒనోరీన్ బుట్ట వదల్లేదు. బుట్టతోపాటు తనే పడవెక్కింది.

నాలుగు రోజుల ప్రయాణం. ఉవాంగోలో సిదోనీ ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. కర్రపెండలం ముద్దలు ఆకుల్లో చుట్టి అమ్మే పిల్ల అనగానే చూపించారు. పచ్చి ఇటుకల గోడలు, పైన రేకులు. చూరు కింద కూర్చుని సిదోనీ ఆకులు చుడుతోంది. పన్నెండేళ్ళప్పుడు చూసిన పిల్ల. ఇప్పుడు ఇరవై. తలెత్తి తల్లిని చూసింది. చేతులు ఆగలేదు.

"పడవ ఎప్పుడు తిరిగెళ్తుంది?"

"గురువారం."

"ఇవాళ శనివారం" అంది సిదోనీ. రేవు పక్కన పిన్ని ఇల్లుంది, అక్కడ దిగొచ్చు, అని కూడా అనబోయేదే. అంతలో రేకు మీద మొదటి చినుకు పడింది.

బాంగీలో వాన మొదలైనప్పుడు చూరు కింద ఎవరుంటే వాళ్ళు ఆ ఇంటికి చుట్టం. పగవాళ్ళయినా సరే. చాప వెయ్యాలి, ఉన్నదాంట్లో పెట్టాలి, ఎందుకొచ్చావని అడగకూడదు. వెలిశాక పొమ్మనొచ్చు. ఈలోపు అనకూడదు, చుట్టం కూడా లేచి పోకూడదు.

సిదోనీ లోపలికెళ్ళి చాప తెచ్చి వేసింది.

చీకటి పడే వేళకు ఊరంతా వాన వెలిసింది. సిదోనీ ఇంటి మీద వెలవలేదు. తెల్లారి చూస్తే చుట్టూ ఎండ, ఆ ఒక్క రేకు మీద మాత్రం జోరువాన. మూడు అడుగుల అవతల బట్టలారేస్తూ పక్కింటి పెలాజీ ఓసారి పైకి చూసి, "ఇంటివాన పట్టిందే" అంది, ఎవరికో జలుబు చేసిందన్నట్టు.

ఎవరి కోసమైనా బెంగ మరీ ముదిరితే అలా పడుతుందని అందరికీ తెలుసు. ఎవరి బెంగో వాళ్ళదే ఆ వాన, వాళ్ళ వెంటే పోతుంది. పెలాజీ ఆడపడుచుకి తొమ్మిది రోజులు పట్టిందట, లేచిపోయిన మొగుడి కోసం. పదో రోజు వచ్చాడట మహానుభావుడు. వచ్చి, గొడుగు లేదా అని అడిగాడట.

ఈ వాన ఎవరిదో ఎవరూ అడగలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత కూతుర్ని చూడొచ్చిన తల్లి ఇంట్లో కూర్చునుంటే అడిగేదేముంది. వీధిలో ఆడవాళ్ళు డబ్బాలు తెచ్చి చూరు కింద పెట్టి నింపుకుపోయారు. నీళ్ళబండివాడు మొహం ముడుచుకుని పక్క వీధికి మళ్ళాడు.

"అక్కా, నీ వానని కాస్త మా బెండ మొక్కల వైపు జరపకూడదూ" అంది పెలాజీ.

ఒనోరీన్ నవ్వింది. లోలోపల ఆ వానంటే ఆమెకి ఇష్టంగానే ఉంది. పడుతున్నంతసేపూ ఉండొచ్చు. మనవరాలు బెనితా ఏమీ అడక్కుండానే వచ్చి ఒళ్ళో కూర్చుంది. సిదోనీ కంచం పెట్టి మొహం తిప్పుకునేది. ఆ తిప్పుకున్న మెడ మీద, వెంట్రుకల కింద, చిన్నప్పటి కాలిన మచ్చ. ఒనోరీన్ దాన్నే చూస్తూ తినేది. చెప్పాల్సిన మాట ఒకటుంది. అది గొంతుదాకా వచ్చేది, మళ్ళీ అన్నంతోపాటు దిగిపోయేది.

మంగళవారానికి వెనక గోడ అడుగున ఇటుకలు కరగడం మొదలెట్టాయి. బుధవారానికి పిడికిలి పట్టేంత బొక్క పడింది. సిదోనీ బురద తెచ్చి పూస్తోంది, పూసింది పూసినట్టే జారిపోతోంది. పెలాజీ ఇక వేళాకోళం ఆడలేదు.

గురువారం పొద్దున ఒనోరీన్ మూట కట్టింది.

"నా వాన నేను పట్టుకుపోతా. గోడ నిలబడుతుంది."

వాన వెలవకుండా గడప దాటడం ఆ ఇంటికి అవమానం. అయినా సిదోనీ ఆపలేదు. పొమ్మని కూడా అనలేదు.

ఒనోరీన్ వానలో వాకిలి దాటి సందులోకొచ్చింది. పది అడుగులు వేసింది. వీపు మీద ఎండ చురుక్కుమంది. వాన వెనక వస్తుందిలే అనుకుని ఇంకో పది వేసింది. పెలాజీ రోలు దగ్గరికొచ్చేసరికి రోకటి చప్పుడు ఆగింది.

"అక్కా, నీ వెనక ఏమీ రావడంలేదు."

తిరిగి చూసింది. ఇల్లు మసగ్గా కనపడేంత జోరుగా కురుస్తోంది వాన. చూరు కింద బెనితాని చంకనేసుకుని, సందులోకే చూస్తూ సిదోనీ.

ఒనోరీన్ మూట పెలాజీ రోలు పక్కనే వదిలేసింది. ఎలా నడిచిందో తెలీదు, చూరు కిందికొచ్చాక చూసుకుంటే తడిసి ముద్దయింది.

"నీదా" అంది.

"వానలో అడక్కూడదు" అంది సిదోనీ.

"అయితే అడగను, చెప్తా."

చెప్పింది. మొబాయేలో తుపాకులు పేలిన ఆ తెల్లవారుజామున, అవతలి ఒడ్డుకు పోయే ఆఖరి పడవలో ఒక్కరికే చోటుంది. వానకి తడవకుండా ఇద్దరు పిల్లలకూ ఒకే గుడ్డ చింపి తల నుంచి కాళ్ళదాకా చుట్టింది. అప్పటికే అక్కంత ఎత్తున్న చిన్నవాడు రొలాన్‌ని పంపాలనుకుంది. చీకట్లో చేతికందిన బిడ్డని ఎత్తి పడవలో వేసింది. పడవ కదిలిపోయి వెలుతురొచ్చాక చూస్తే, పక్కన మిగిలింది రొలాన్. నెల తిరక్కుండానే అడవిలో జ్వరంతో పోయాడు. సిదోనీని బాంగీలో పిన్ని దగ్గరికి చేర్చిన పడవవాళ్ళే, వాడు పోయిన సంగతీ ఆమెకి చేరవేశారు. మిగతాది ఎవరికీ తెలీదు.

"నిన్ను ఎక్కించాలనుకుని ఎక్కించలేదు. ఏ మొహం పెట్టుకుని రాను?"

సిదోనీ పిల్లని ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది.

"నాకు తెలుసు. రొలాన్, గట్టిగా పట్టుకో, అన్నావు. ఊఁ అన్నాను. వాడి గొంతు పెట్టి." రేకుల హోరులో మాటలు సరిగా వినపడటంలేదు. ఒనోరీన్ దగ్గరికి జరిగింది. "నేనని తెలిస్తే దింపేస్తావని. బుట్ట వచ్చినప్పుడల్లా ఏం చెప్పి పంపను నీకు?"

ఒనోరీన్ చెయ్యెత్తి కూతురి మెడ మీది మచ్చ తాకింది.

"మంచిపని చేశావు తల్లీ" అంది.

అప్పుడే వెనక గోడ కూలింది. పెద్ద చప్పుడేం కాలేదు, తడిసిన ఇటుకలు బయటికి, అలిసినవాళ్ళు కూలబడ్డట్టు కూలబడ్డాయి. ఇంట్లోకి వెలుతురొచ్చింది. కూలిన చోటికి వెళ్ళి ముగ్గురూ నిలబడ్డారు. ముందు బెనితా అరచెయ్యి పైకి పెట్టి చూసి, తడి లేదని తల్లికి చూపించింది.

వాన వెలిసింది. రేవులో గ్బాండి పడవ కూత వేసింది, రెండుసార్లు.

సిదోనీ ఆకాశం కేసి చూసింది. మట్టికుప్పని కాలితో కదిపింది.

"ఎండలొచ్చాక ఇటుకలు కొయ్యాలి. నాకు చేతకాదు" అంది.

ఒనోరీన్ కదల్లేదు.

"ఉండు" అంది సిదోనీ.